మోకాళ్ళ పీట మీద మెలికల ముగ్గు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ సంగతి జరిగాక కూడా లేదు. ముప్పై ఏళ్ళకు పైగా స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. రాత్రి గోడలో చప్పుడైతే పైపు అంటాను. తలుపు తనంతట తనే మూసుకుంటే ఫ్రేమ్ వంగిందంటాను. స్నేహితుల ఇళ్ళలో భోజనాలయ్యాక ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దేవాణ్ణి. నేను గిన్నెలు ముట్టుకున్నది అలాంటి రోజుల్లోనే అని మా ఆవిడ అందరికీ చెప్పేది.

అందుకని ముందే చెబుతున్నాను. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. చీకటి లేదు, తెల్లచీర లేదు. గురువారం ఉదయం పదింటికి, ట్యూబులైట్ల వెలుగులో, ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ పక్కన ఉండగా జరిగింది. చూసింది చూసినట్టు రాస్తాను.

మా ఆవిడ పేరు విశాలాక్షి. నేను విశాల అనేవాణ్ణి. తెనాలి పిల్ల. ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఆ చెయ్యి మాన్పించాలని ఇంట్లో చాలా ప్రయత్నించారట. అన్నం తినడం వరకూ కుడిచేతికి మారింది గానీ, రాత, కుట్టు, ముగ్గు మాత్రం ఎడంచేతిలోనే ఉండిపోయాయి.

మేం ఈ దేశం వచ్చి పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్ తీసుకున్న కొత్తలో తను తలుపు ముందు బియ్యప్పిండితో ముగ్గు వేసింది. చీమలు పడుతున్నాయని మూడోరోజే మేనేజర్ తలుపు సందులోంచి కాగితం తోశాడు. రెండురోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న గ్రాఫ్ కాగితాల పుస్తకం మీద ఆమె కన్ను పడింది. గళ్ళు కలిసేచోటల్లా చుక్క పెట్టి, చుక్కల చుట్టూ పెన్సిలుతో మెలికలు తిప్పడం మొదలుపెట్టింది. తర్వాత ఇల్లు కొన్నాం, అమ్మాయి పుట్టింది, తను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరింది. ఆ గ్రాఫ్ ముగ్గులు మాత్రం ఆగలేదు. నా బీమ్ లెక్కల మధ్య ముగ్గు కనిపించి మా బాస్ ఇదేం డిజైన్ అని అడిగిన రోజు కూడా ఉంది.

మెలికల ముగ్గు తెలియనివాళ్ళ కోసం ఒక మాట. గీత ఎక్కడ మొదలైందో అన్ని చుక్కలనీ చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చి కలవాలి. గీత కలపకుండా లేస్తే వాకిలి తెరిచిపెట్టి నిద్రపోయినట్టేనని వాళ్ళమ్మ అనేదట. ఫోన్ మోగుతున్నా, కుక్కర్ కూస్తున్నా, గీత కలిపితేగానీ విశాల లేచేది కాదు.

ఇక నా సంగతి. మా ఇంట్లో నా మాట ఒకటుండేది. "చేస్తాలే." బల్బు మార్చాలన్నా, బీరువా జరపాలన్నా అదే జవాబు. చేయకూడదని కాదు. ఎప్పటికైనా చేస్తాననే అనుకునేవాణ్ణి. విశాల కొన్నాళ్ళు చూసి తనే చేసేసేది. ఒకసారి పుస్తకాల అలమర పెట్టెలో వచ్చింది. నెలన్నర ఆ పెట్టె హాల్లో అడ్డంగా పడి ఉంది. ఒక శనివారం నేను బజారుకెళ్ళి వచ్చేసరికి అలమర నిలబడి ఉంది. ఒక్క స్క్రూ మాత్రం బిగించకుండా, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి వదిలింది.

"ఆ చివరిది మీరు బిగించండి" అంది. బిగించాను. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళు అలమర బావుందంటే, "అంతా ఆయనే బిగించారండీ" అని చెప్పింది. నేను కాదనలేదు. ఆ తర్వాత మా ఇంట్లో చాలా పనులు అలాగే నడిచాయి. చివరి మేకు నాది, మిగతాదంతా తనది.

ఇద్దరం రిటైరయ్యాక తను కెథడ్రల్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. మా ఇంటి నుంచి నలభై నిమిషాల డ్రైవ్. గోతిక్ పద్ధతిలో కట్టిన పెద్ద రాతి చర్చి. వాన పడుతుంటే ఒకరోజు లోపలికి వెళ్ళిందట. అక్కడ కింది అంతస్తులో కొందరు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, ప్రార్థనప్పుడు మోకాళ్ళ కింద వేసుకునే మెత్తలకి ఉన్ని దారంతో బొమ్మలు కుడుతున్నారు. ఆ కాన్వాస్ గుడ్డ నిండా చిన్న చిన్న గళ్ళు. నా గ్రాఫ్ కాగితమే కనిపించి ఉంటుంది ఈవిడకి. మరుసటి గురువారమే సూది పట్టుకుని కూర్చుంది.

మన గుళ్ళో పులిహోర చేసే సేవ ఉండగా ఇదేమిటని నేను ఎగతాళి చేశాను.

"దేవుడి ముందు వేసే పీటకి కూడా మతం ఉంటుందా అండీ?" అంది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ మెత్త పేరు మోకాళ్ళ పీట.

తనని దించడానికి వెళ్ళి నేనూ ఆ కట్టడం మోజులో పడ్డాను. తల ఎత్తితే కోసుగా కలిసే కమానులు, వాటి బరువుని స్తంభాల్లోకీ, గోడ బయట ఒరిగి నిలబడ్డ రాతి చేతుల్లోకీ పంచిన తీరు చూస్తే కంప్యూటర్ లేకుండా ఎలా లెక్కకట్టారా అనిపిస్తుంది. నూరేళ్ళ కిందట ఓడలెక్కి వచ్చిన ఇటలీ, ఐర్లండ్ రాతిపనివాళ్ళు చెక్కారట. మధ్యాహ్నం తను పని ముగించి పైకి వచ్చాక, రంగుటద్దాల కిటికీల్లోంచి పడే ఎరుపూ నీలమూ విశాల చీర మీదుగా జరుగుతుంటే నేను బెంచీ మీద కూర్చుని చూసేవాణ్ణి. మా కాపురంలో అంత తీరిగ్గా తనని చూసిన రోజులు అంతకుముందు లేవు. చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

అక్కడ ఒక స్తంభం ఉంది. పైన చుట్టూ రాతి ఆకులు చెక్కి, ఒకచోట మాత్రం మొద్దురాయి అలాగే వదిలేశారు. పని మానేసి పోయారేమో అనుకున్నాను. కాదట. తర్వాత వచ్చేవాడికి పని మిగలాలని పెద్ద మేస్త్రి కావాలనే వదిలాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో తేల్చే కాగితం లేదు. కానీ ఆ రాతిని ఇంతవరకూ ఎవరూ చెక్కలేదు.

కుట్టుపని బృందానికి కూడా ఆ ఆనవాయితీయే వచ్చింది. పీట మొదలుపెట్టినవాళ్ళు చివరిదాకా కుట్టకూడదు. కొంచెం వదిలి, ఎవరు పూర్తిచేయాలో వాళ్ళే చెప్పాలి. మొదలుపెట్టినవాళ్ళ పేరు, పూర్తిచేసినవాళ్ళ పేరు పక్కపక్కనే ఒక పెద్ద పుస్తకంలో రాస్తారు. ఆదివారం సాయంత్రం ప్రార్థనలో రెండు పేర్లూ కలిపి చదివాకే పీట చర్చి బెంచీల వరుసలోకి వెళుతుంది. మధ్యలో వేరెవరూ ఆ కాన్వాస్ మీద సూది పెట్టకూడదు. బృందం పెద్ద డొరతీకి ఈ విషయంలో మహా పట్టుదల.

విశాల పీట మధ్యలో చర్చి గులాబీ కిటికీ, పూరేకుల్లా అద్దాలు పొదిగిన గుండ్రటి కిటికీ బొమ్మ. అంచు మాత్రం ఎవరిష్టం వాళ్ళది. తను నీలం మీద తెల్లగా మెలికల ముగ్గు వేసింది, చుట్టూ ఒకే గీత. ఆ తెలుపు కోసం ఎన్ని దారాలు తిరగేసిందో. మనకి తెలుపంటే ఒకటే గానీ దారాల్లో చాలా ఉంటాయట. బియ్యప్పిండి రంగు దొరికేదాకా ఒప్పుకోలేదు.

గీత కలిసే మూల దగ్గరకి వచ్చేసరికి డొరతీ ఆపమంది. ఇక ఇంట్లో వారం రోజులు ఇదే గోల. "కలపకుండా ఎలా వదలనండీ? అమ్మ ఉంటే తిట్టేది." చివరికి తనే ఒక దారి కనిపెట్టింది. పూర్తిచేసేవాళ్ళుగా నా పేరు చెప్పింది.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. "చేస్తాలే" అన్నాను.

ఆ చలికాలంలోనే జబ్బు బయటపడింది. వసంతం వచ్చేసరికి హాస్పిటల్లో ఉంది. ఒక మధ్యాహ్నం మగతలోంచి కళ్ళు తెరిచి, "ఏమండీ, నా పీట" అంది. నేను చెయ్యి పట్టుకుని, "చేస్తాలే" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అలమర పెట్టె పక్కన నిలబడి నవ్విన నవ్వే. నాలుగు రోజులకి పోయింది.

తర్వాత వారం డొరతీ నన్ను పిలిచింది. కెథడ్రల్ కింది అంతస్తులో వాళ్ళ కుట్టుపని గది. పోయినవాళ్ళ కాన్వాస్ మీద సూది ఉంచరట. ఆవిడ నా ముందే సూది తీసి, మిగిలిన తెల్లదారం ఉండతో పాటు నా చేతికిచ్చింది. ఆ రంగు దారం బృందం దగ్గర ఇంకేమీ లేదని, పారేయవద్దని చెప్పింది. రెండూ ఇంటికి తెచ్చి విశాల బిస్కెట్ డబ్బాలో పెట్టాను.

ఆ రోజు నేను రెండు పనులు చేశాను. గీత తెగి ఉన్న మూలని ఫోన్‌తో ఫోటో తీశాను. ఖాళీ గళ్ళు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఇంజనీరు బుద్ధి, ఎంత పని మిగిలిందో తెలియకపోతే తోచదు. డొరతీ కూడా లెక్కపెట్టి, పుస్తకంలో నలభై ఒకటి అని, పక్కన నా పేరు రాసింది. కాన్వాస్‌ని తెల్లగుడ్డలో చుట్టి, ముడి వేసి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళంచెవి ఆవిడ మెళ్ళో గొలుసుకి ఉంటుంది.

తర్వాత మూడేళ్ళు నేను వెళ్ళలేదు. బద్ధకమని చెప్పుకున్నాను గానీ, నిజం అది కాదు. ఆ నలభై ఒక్క కుట్లూ కుట్టేస్తే విశాల నాకు చెప్పిన చివరి పని అయిపోతుంది. ఆ తర్వాత తను నాకు చెప్పే పని ఇక ఏదీ ఉండదు. డొరతీ ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేసేది. నేను ఇంగ్లీషులో "చేస్తాలే" అనేవాణ్ణి.

మధ్యలో ఒక ఏడాది రిపేర్ల కోసం కింది అంతస్తంతా మూసేశారు. బృందం వేరే హాల్లో కూర్చుని కుట్టింది. ఇనప బీరువా కదలదు గనక అక్కడే ఉండిపోయింది.

కిందటేడు శరదృతువులో డొరతీ మళ్ళీ ఫోన్ చేసింది. గది తెరిచారు. ఆ వరుసలో పీటలన్నీ పూర్తయ్యాయి, విశాలది ఒక్కటే ఖాళీ. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఆ రోజు మాత్రం, "మిస్టర్ మూర్తీ, నా చూపు పోతోంది. వచ్చే వారం రాకపోతే నేనే పూర్తిచేస్తాను. పుస్తకంలో మీ పేరు కొట్టేయాల్సి వస్తుంది" అంది.

పేరు కొట్టేస్తానన్న మాట గుండెలో గుచ్చుకుంది. విశాల ఎంచుకున్న పేరు అది. ఆ రాత్రే వీడియోలు పెట్టుకుని పాత కాన్వాస్ ముక్క మీద నేర్చుకోవడం మొదలుపెట్టాను. వేళ్ళన్నీ పొడుచుకున్నాను. శాన్ రామన్‌లో ఉన్న మా అమ్మాయి నీరజ వీడియో కాల్‌లో చూసి, "డాడీ, యూ ఆర్ కుట్టింగ్?" అని నవ్వి, తర్వాత ఏడ్చింది.

గురువారం ఉదయం సూది, దారం ఉండ జేబులో పెట్టుకుని వెళ్ళాను. బల్ల దగ్గర డొరతీ ఒక్కతే ఉంది. గొలుసు తీసి బీరువా తెరిచింది. గుడ్డ మడతలు ఆవిడ కట్టిన ముడితోనే ఉన్నాయి. ముడి ఆవిడే విప్పింది.

గీత కలిసిపోయి ఉంది.

మొదట నేను తప్పు మూల చూస్తున్నానేమో అనుకున్నాను. కాన్వాస్ తిప్పాను. నాలుగు మూలలూ చూశాను. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరగా చూస్తే తెలిసింది, పూర్తిగా కలవలేదు. ఒక్క గడి ఖాళీగా ఉంది. ఒకే ఒక్క కుట్టు. ఫోన్ తీసి మూడేళ్ళనాటి ఫోటో పక్కన పెట్టాను. అందులో ఖాళీ అరచేతి వెడల్పున ఉంది.

డొరతీకి ముందు వచ్చింది కోపం. తన బృందంలో ఎవరో రూలు తప్పారని మొహం ఎర్రబడింది. భూతద్దం తెచ్చింది. కాన్వాస్ వెనక్కి తిప్పింది. ముందువైపు ఎవరు కుట్టినా ఒకేలా ఉంటుందట, వెనకవైపు దారం నడిచిన దిక్కు, కొసలు దూర్చిన పద్ధతి చూస్తే ఎవరి చెయ్యో తెలుస్తుందట. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఎడంచేతివాళ్ళు మా దగ్గర ఒక్కరే ఉండేవారు" అంది.

ఆ మధ్యాహ్నం అక్కడినుంచే ఆవిడ ఆరుగురికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ కుట్టలేదన్నారు. ఒకావిడ అయితే, అడిగినందుకే నొచ్చుకుంది. డొరతీయే కుట్టి నా దగ్గర నాటకమాడిందా అని నేను ఆలోచించకపోలేదు. కానీ ఆవిడ కుడిచేతి మనిషి, వేళ్ళు వణుకుతాయి, దారం ఎక్కించడానికి కూడా ఇంకొకరి సాయం కావాలి. పైగా ఆ రూలు తప్పాల్సి వస్తే ఆవిడ చర్చే మానేస్తుంది.

దారం సంగతి. ఆ బియ్యప్పిండి రంగు మా ఇంట్లో డబ్బాలో తప్ప లేదు. ఉండలోంచి కొంత తగ్గిందా? చెప్పలేను. అన్నీ లెక్కపెట్టిన పెద్దమనిషిని, ఆ ఉండ మాత్రం కొలవలేదు. దారాన్ని ల్యాబ్‌కి పంపించి రంగు పరీక్ష చేయిద్దామని ఒక స్నేహితుడు అన్నాడు. పంపించాలంటే ఆ కుట్లు విప్పాలి. విప్పను.

ఆ రోజు బల్ల ముందు కూర్చుని ఆ ఒక్క గడి వంకే చూస్తూ ఉండిపోయాను. మూడేళ్ళుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చూసి చూసి, ఇక ఈ మనిషి చేయడని తనే చేసేసుకుందా? చేసేసుకుని, ఎప్పటిలాగే ఆ చివరిది నాకు వదిలిందా? ఇలా అనుకోవడం తెలివితక్కువని నాకూ తెలుసు. కానీ అలమర పక్కన స్క్రూడ్రైవర్ పెట్టి వదిలిన మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి. ఆ పద్ధతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. కింది నుంచి పైకి తీశాను, ఏటవాలుగా పక్క గడిలోకి దించాను. గీత కలిసింది. డొరతీ పుస్తకంలో తేదీ వేసి, విశాల పేరు పక్కన నా పేరు ఖాయం చేసింది. పూర్తిచేసినవాళ్ళు ఎన్ని కుట్లు కుట్టారన్నచోట ఏం రాయాలో తెలియక ఆవిడ కలం ఆగింది. చివరికి అది ఖాళీగానే వదిలేసింది.

ఆదివారం సాయంత్రం నీరజ కూడా వచ్చింది. పాటలయ్యాక ఫాదర్ గారు పుస్తకం చూసి, పలకడానికి తంటాలు పడుతూ, విశాలాక్షి, మూర్తి అని చదివారు. మా ఇద్దరి పేర్లూ కలిపి ఎవరైనా పైకి చదవడం పెళ్ళి పీటల మీద పురోహితుడి తర్వాత మళ్ళీ అప్పుడే.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. కాగితం పెన్సిలు తీసుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. తాళంచెవి, ముడి, దారం, చేతివాటం, ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. నాలుగూ కలిపితే లెక్క నిలబడడం లేదు. నిలబడని లెక్క మీద సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. తెలియదనే రాస్తున్నాను.

గురువారాలు ఇప్పుడు నేనూ ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. కట్టడం చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పీట దగ్గర ఆగి, ఈ అంచు భలే ఉంది, ఎవరు కుట్టారని అడుగుతుంటారు.

"మా ఆవిడ మొదలుపెట్టింది. నేను పూర్తిచేశాను" అంటాను. విశాల ఉంటే ఆ మాటే చెప్పేది.